ఏ తీగ ఏది?

జూలైలో అజైబా సాయంత్రాలు ఎలా ఉంటాయో గల్ఫులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండ పోతుంది కానీ వేడి పోదు. కారు దిగగానే సముద్రం మీంచి వచ్చే తేమకి కళ్ళజోడు మసకబారిపోతుంది. అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం, బీచ్‌కి వెళ్ళే జనమంతా వెళ్తుంటే, నేను ఒక భవనం కింద పంపుల గదిలో, కరెంటు మీటర్ల బోర్డు ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డాను. పక్కన జగిత్యాల దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్. పాతికేళ్ళు దాటి ఉండవు.

"నేను ‘ఏ’కి ‘ఏ’నే కలిపిన సార్. ‘బీ’కి ‘బీ’నే కలిపిన. గింతకన్న ఏం జెయ్యాలె?" అన్నాడు.

నేను హార్డ్‌వేర్ మనిషిని కాను. సర్వర్ మీద కూర్చుని, భవనాల్లోని మీటర్ల లెక్కలు వస్తున్నాయో లేదో చూసుకునే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఆ భవనంలో ఒకే కేబుల్ మీద ఇరవై రెండు మీటర్లున్నాయి. వాటిలో పాతబడిన మూడింటిని తీసేసి వేరే కంపెనీవి పెట్టారు. పెట్టినప్పట్నుంచీ ఆ మూడూ ఉలుకూ పలుకూ లేవు. మిగతా పంతొమ్మిదీ శుభ్రంగా మాట్లాడుతున్నాయి. నేను అలవాటు ప్రకారం ఒక మెయిల్ కొట్టాను: మూడు మీటర్లు జవాబివ్వడం లేదు, వైరింగ్ చూడండి, అని. ఒకటిన్నర వాక్యం.

ఆ "వైరింగ్" అన్న మాట ఎక్కడెక్కడికి పోయిందో నాకు తర్వాత తెలిసింది. వైరింగ్ చేసింది ఈ అబ్బాయి. కాబట్టి తప్పు ఇతనిదే. తీగలు తప్పు కలిపి మీటర్లు కాల్చేశాడు కాబట్టి వాటి ఖరీదు ఇతని జీతంలోంచి కోస్తామని వాళ్ళ కాంట్రాక్టరు మనిషి చెప్పాడట. మూడు మీటర్ల ఖరీదంటే అతని నెల జీతంలో సగం పైన. "ఐటీ సారే రాసిండు" అని నా మెయిలే చూపించారట. అందుకే ఆ శుక్రవారం నాకు బీచ్ లేదు.

అసలు ‘ఏ’ని ‘ఏ’కి, ‘బీ’ని ‘బీ’కి కలిపితే ఎందుకు పని చెయ్యలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కొంచెం కాదు, నూట అరవై ఏళ్ళు. ఓపిక పట్టండి, దారిలో చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటి మజిలీ ఒమన్‌లోనే. మస్కట్‌కి ఉత్తరాన, దేశానికి కొసన, హోర్ముజ్ జలసంధిలోకి పొడుచుకొచ్చిన ముసందం ఉంది. నిట్టనిలువు కొండల మధ్యకి సముద్రం పాములా చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ నీళ్ళ మధ్య జజీరత్ అల్ మక్లబ్ అని ఒక చిన్న రాతి దిబ్బ. ఇప్పటికీ దాన్ని టెలిగ్రాఫ్ ద్వీపం అంటారు. పర్యాటకుల్ని పడవల్లో తీసుకెళ్ళి చూపిస్తారు. 1857 తిరుగుబాటు తర్వాత లండన్‌కీ ఇండియాకీ మధ్య కబురు వారాల తరబడి నడవడం బ్రిటిష్ వాళ్ళకి కుదర్లేదు. 1864లో తెరచాప ఓడల్లో కేబుల్ తెచ్చి పర్షియన్ గల్ఫ్ అడుగున పరిచారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు కాబట్టి ఆ ఓడలన్నీ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిందే. గ్వాదర్ నుంచి ముసందం, అక్కణ్ణుంచి బుషహర్, అక్కణ్ణుంచి ఫావ్. అన్నట్టు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ గ్వాదర్ అప్పట్లో మస్కట్ సుల్తానుదే. 1958 దాకా ఒమన్ చేతిలోనే ఉంది.

ఆ దిబ్బ మీద స్టేషను నాలుగైదేళ్ళే నడిచింది. ఆ కొండల మధ్య గాలి ఆడదు. అజైబా వేడికే మనం ఇలా గగ్గోలు పెడుతున్నామంటే, ఏసీ అన్న మాటే పుట్టని రోజుల్లో ఆ రాళ్ళ మధ్య కూర్చుని చుక్కలూ గీతలూ లెక్కపెట్టినవాళ్ళ సంగతి ఊహించుకోండి.

మన కథకి కావలసింది ఆ టెలిగ్రాఫ్ మనకి వదిలిపెట్టిన రెండు సంగతులు. మొదటిది ఒక మాట. మోర్స్ తొలి యంత్రాల్లో ఒక కాగితం పట్టీ కదులుతూ ఉండేది. తీగలో కరెంటు వచ్చినప్పుడు దాని మీద గుర్తు పడేది, రానప్పుడు ఖాళీ. గుర్తుని ‘మార్క్’ అన్నారు, ఖాళీని ‘స్పేస్’ అన్నారు. కాగితం పట్టీ ఎప్పుడో పోయింది, మాటలు మాత్రం పోలేదు. టెలిప్రింటర్ల మీదుగా కంప్యూటర్లలోకి నడిచొచ్చాయి. సీరియల్ లైన్ల సంగతి రాసే పుస్తకాల్లో ఇప్పటికీ ఒకటిని మార్క్ అనీ సున్నాని స్పేస్ అనీ అంటారు.

రెండోది ఒక పిసినారితనం. టెలిగ్రాఫుకి ఒక్క తీగే వేసేవాళ్ళు. కరెంటు తిరిగి రావడానికి రెండో తీగ దండగ, భూమే ఉందిగా, సముద్రమే ఉందిగా అని. చుక్కలకీ గీతలకీ అది బాగానే నడిచింది. టెలిఫోన్ వచ్చాక బండారం బయటపడింది. భూమిని అందరూ వాడుకుంటారు కదా. పక్క లైన్ల గొణుగుడూ, నగరాల్లో ఎలక్ట్రిక్ ట్రాములు మొదలయ్యాక వాటి రొదా, అన్నీ చెవిలోకే. విరుగుడుగా రెండు తీగలు వేశారు. 1881లో గ్రాహం బెల్ ఆ రెండు తీగల్నీ ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి వెయ్యమని పేటెంటు తీసుకున్నాడు. జడలా మెలిపెడితే బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. వినేవాడు ఈ తీగలో ఎంత ఉంది అని కాకుండా, రెండింటికీ తేడా ఎంత అని మాత్రమే చూస్తే, సమానంగా పడ్డ రొద తీసివేతలో మాయమైపోతుంది. ఇంత తేలికైన లెక్క మీద ఇవాళ్టికీ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మరి కంప్యూటర్ల వాళ్ళు ఈ పాఠం మొదట్లో పట్టించుకోలేదు. 1960లో అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం తెచ్చింది. 1969లో వచ్చిన దాని ‘సి’ కూర్పే ప్రపంచమంతా పాకింది. పాత కంప్యూటర్ల వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఉండేది గుర్తుందా, అదే. అందులో ఒక్కో సంకేతానికి ఒక్కో తీగ, ఉమ్మడిగా ఒక గ్రౌండ్ తీగ. అంటే ముసందం పద్ధతే. యాభై అడుగులు దాటితే భరోసా లేదు. ఇందులో ఒక విషయం మాత్రం పట్టుకోండి, తర్వాత కావాలి: 232లో మార్క్ అంటే, అంటే ఒకటి అంటే, మైనస్ వోల్టేజి. సున్నా అంటే ప్లస్. మనం అనుకునేదానికి తలకిందులు.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో 8051 ల్యాబులో మాకు ఇది మొదటిసారి తగిలింది. మైక్రోకంట్రోలరుకి తెలిసింది సున్నా వోల్టులు, అయిదు వోల్టులు. కంప్యూటరుకేమో మైనస్సూ ప్లస్సూ కావాలి. మధ్యలో దుబాసీగా మాక్స్‌232 అనే చిప్ పెట్టేవాళ్ళం. మాక్సిమ్ కంపెనీ 1987లో తెచ్చింది. అంతకుముందు ఆ పనికి వేరే ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు వోల్టుల సప్లైలు పెట్టుకోవాల్సి వచ్చేది. ఇది నాలుగు చిన్న కెపాసిటర్లతో ఆ అయిదు వోల్టుల్లోంచే రెండూ పిండేది. ఆ కెపాసిటర్లలో ఒకటి తిరగేసి పెట్టినందుకు రికార్డు మీద సంతకం పడకుండా పోయిన రోజు నాకింకా గుర్తే.

సరే, ఫ్యాక్టరీలోకి వద్దాం. 1968 జనవరి 1న డిక్ మోర్లీ అనే ఇంజనీరు రాసుకున్న కాగితం లోంచి పుట్టిన మోడికాన్ 084 తొలి పీఎల్‌సీల్లో ఒకటి. అతని బృందానికి అది ఎనభై నాలుగో ప్రాజెక్టు, అందుకే ఆ అంకె. పెద్ద మోటార్లూ, వెల్డింగ్ మెషీన్లూ నడిచే షెడ్లో ఇలాంటి పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. 1979లో ఆ మోడికాన్ వాళ్ళే మోడ్‌బస్ అనే భాష ఇచ్చారు. అంటే ఏం మాట్లాడాలో తేలింది. ఆ రొదలో, అంత దూరం, ఏ తీగల మీద మాట్లాడాలి?

1975లో వచ్చిన ఆర్‌ఎస్-422 మెలిపెట్టిన జంట తీగల్ని మళ్ళీ తెచ్చింది. కానీ అందులో చెప్పేవాడు ఒక్కడే, వినేవాళ్ళు పదిమంది దాకా. పురాణ కాలక్షేపం లాగా. 1983లో ఆర్‌ఎస్-485 వచ్చింది. ఒకే జంట తీగ మీద ముప్పై రెండు పరికరాలు, ప్రతి ఒక్కటీ వినొచ్చు, ప్రతి ఒక్కటీ మాట్లాడొచ్చు. తక్కువ వేగంలో నాలుగు వేల అడుగుల దాకా, అంటే పన్నెండు వందల మీటర్ల దాకా. చెప్పేవాడు రెండు తీగల మధ్య కనీసం ఒకటిన్నర వోల్టు తేడా చూపించాలి. వినేవాడు 0.2 వోల్టు తేడాని కూడా పోల్చుకోవాలి. దారిలో ఎంత నష్టపోయినా పరవాలేదన్నమాట. ఈ చివరి గ్రౌండుకీ ఆ చివరి గ్రౌండుకీ తేడా వచ్చి, తీగ మీద వోల్టేజి మైనస్ ఏడు నుంచి ప్లస్ పన్నెండు దాకా పోయినా చిప్ తట్టుకోవాలి.

అందరూ మాట్లాడొచ్చు కానీ ఒకేసారి కాదు. అది వంతుల వ్యవహారం. ఒమన్ పల్లెల్లో ఫలజ్ కాలువ నీళ్ళు ఎవరి తోటకి ఎంతసేపు అన్నది అథర్లలో లెక్క, అథర్ అంటే అరగంట. ఆ వంతులు చూడ్డానికి ఒక మనిషి ఉంటాడు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడే, అలాగన్నమాట. మోడ్‌బస్‌లో ఆ పని మాస్టర్‌ది. అతను పేరు పెట్టి పిలిస్తేనే మీటరు నోరు విప్పాలి, జవాబు చెప్పి మళ్ళీ నోరు మూసుకోవాలి.

ఆ నోరు విప్పడం, మూయడం, వినడం, ఈ మూడు పనులూ చేసేదే ట్రాన్సీవర్ చిప్. ఎనిమిది పిన్నులు, మినప్పప్పు బద్దలు నాలుగు పక్కపక్కన పెట్టినంత. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ 75176 ఈ వంశానికి మూలపురుషుడు లాంటిది. ఒకటో పిన్ను విన్నది లోపలికి చెప్తుంది. నాలుగో పిన్ను చెప్పాల్సింది తీసుకుంటుంది. రెండోది చెవి, మూడోది నోరు తెరిచేందుకు. అయిదు గ్రౌండు, ఎనిమిది కరెంటు. ఇక ఆరూ ఏడూ బయటి తీగలు: ఆరు ‘ఏ’, ఏడు ‘బీ’. తర్వాత వచ్చిన మాక్స్‌485, లీనియర్ టెక్నాలజీ వాళ్ళ ఎల్‌టీసీ485, అన్నీ అదే వరసలో పిన్నులు పెట్టుకున్నాయి. ఒకటి పీకి ఇంకొకటి గుచ్చితే పనిచెయ్యాలి కాబట్టి. పిన్నుల వరసతో పాటు పేర్లు కూడా వచ్చేశాయి. ఈ చిప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్తే నమ్మరు. కరెంటు మీటర్లు, జనరేటర్లు, ఏసీ ప్లాంట్లు సరే. ఆడియో ఫంక్షన్లో హీరో స్టేజి ఎక్కగానే రంగులు మారే లైట్లుంటాయి చూశారా, 1986లో పుట్టిన డీఎమ్‌ఎక్స్512 పద్ధతిలో వాటికి ఆజ్ఞలు వెళ్ళేది కూడా ఇదే జంట తీగల మీద.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రమాణం ఏమంటుందంటే: మార్క్ స్థితిలో ‘ఏ’ తీగ ‘బీ’ కంటే మైనస్‌లో ఉంటుంది. చిప్ ఏం చేస్తుందంటే: నాలుగో పిన్నుకి ఒకటి ఇస్తే ‘ఏ’ ప్లస్‌లోకి పోతుంది. ఒకటీ మార్కూ ఒకటే కదా. అంటే ప్రమాణం ‘ఏ’ అన్నదాన్ని చిప్ ‘బీ’ అంటోంది. చిప్ ‘ఏ’ అన్నది ప్రమాణం లెక్కలో ‘బీ’.

ఎందుకిలా అయ్యింది? ఇది నా ఊహ, ఊహగానే తీసుకోండి. ప్రమాణం రాసినవాళ్ళు టెలిగ్రాఫ్ వంశస్థులు. వాళ్ళకి ఒకటి అంటే మార్క్, మార్క్ అంటే 232 కాలం నుంచీ మైనస్. చిప్ గీసినవాళ్ళు లాజిక్ గేట్ల వంశస్థులు. వాళ్ళకి ఒకటి అంటే అయిదు వోల్టులు, పైకి. ఎవరి ఇంటి ఆచారం వాళ్ళది. పైగా లోపలి ఒకటి బయట ఏ దిక్కుగా కనిపించాలన్నది మా పరిధిలోది కాదు అని ఆ ప్రమాణమే తప్పుకుంది. పెళ్ళిలో మగపెళ్ళివారు కుడివైపు కూర్చోవాలని రాసి, ఎవరి కుడి అన్నది చెప్పకుండా వదిలేసినట్టు.

తర్వాత వచ్చినవాళ్ళు తలో దారీ పట్టారు. జర్మనీలో 1987లో మొదలైన ప్రొఫిబస్‌లో ‘బీ’ ప్లస్, అంటే ప్రమాణం దారి. అందులో ‘ఏ’ది ఆకుపచ్చ తీగ, ‘బీ’ది ఎరుపు. మోడ్‌బస్ సంస్థ వాళ్ళు తమ సీరియల్ లైను పత్రంలో డీ0, డీ1 అని కొత్త పేర్లు పెట్టి, డీ1ని ‘బీ’ అన్నారు, ప్లస్ అన్నారు. అదీ ప్రమాణం దారే. మీటర్లు చేసే కంపెనీల్లో కొందరు చిప్ మీద ఏ అక్షరముంటే దాన్నే డబ్బా మీద అచ్చు వేశారు. ఇంకొందరు ప్రమాణం చూసి వేశారు. ఇద్దరూ తప్పు చెయ్యలేదు, అదే దీనిలో ఉన్న దౌర్భాగ్యం. (నా తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పింది కాదు, రెండక్షరాలు తారుమారైతే మీలో ఎవరో ఒకరు వ్యాఖ్యలో దిద్దుతారు. డబ్బా మీద తారుమారైతే దిద్దేవాడు లేడు.)

పంపుల గదిలోకి వద్దాం. ఈ చరిత్రంతా అప్పటికి నాకు ముక్కముక్కలుగానే తెలుసు. గట్టిగా తెలిసిందల్లా ఈ తీగలు తారుమారైతే చిప్ కాలిపోదని. మాట అర్థం కాదు, అంతే. ఒకటిని సున్నాగా వింటుంది, లెక్క సరిపోక జవాబివ్వకుండా ఊరుకుంటుంది. సరిగ్గా ఆ మూడు మీటర్లూ చేస్తున్నది అదే.

లాప్‌టాప్ నుంచి మాస్టర్‌ని ఆపేశాను. లైను నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మార్క్ స్థితిలో ఉంటుంది కాబట్టి, ఏది ప్లస్సో మల్టీమీటరే చెప్పాలి. ఆ అబ్బాయి ముల్లులు పెట్టాడు. తెల్ల తీగ ప్లస్. పాత మీటర్లన్నిటి మీదా తెల్ల తీగ ఉన్నది ‘ఏ’లో. కొత్త మీటరు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం తీశాం. నాలుగు భాషల్లో ఉంది. ఎనిమిదో పేజీలో, పట్టిక కింద, చీమ తలకాయంత అక్షరాల్లో: ‘ఏ’ మైనస్, ‘బీ’ ప్లస్.

"మార్చి పెట్టు తమ్ముడూ" అన్నాను. స్క్రూ వదులు చేసి ఒక మీటరు తీగలు తిరగేశాడు. మాస్టర్‌ని మళ్ళీ నడిపాను. రెండు సెకన్లలో అంకెలు వచ్చాయి. తర్వాత రెండోది, మూడోది. అతను నవ్వలేదు. తల గోడకి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. "అంటే నేను జేసింది కరెక్టే కదన్నా?" అన్నాడు. సార్ పోయి అన్నా అయ్యాను.

కరెక్టే. పేర్లు నమ్మి కలిపాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చుని రెండు పేజీల రిపోర్టు రాశాను. మొదటి మెయిల్ ఒకటిన్నర వాక్యమైతే, దాన్ని చెరపడానికి రెండు పేజీలు పట్టింది. ప్రమాణంలో ఏముందో, చిప్ కాగితంలో ఏముందో, రెండు కంపెనీల కాగితాల్లో ఏముందో బొమ్మలతో సహా పెట్టాను. మీటర్లు మూడూ కాలలేదని, పనిచేస్తున్నాయని ఆ రాత్రి వచ్చిన అంకెలే జత చేశాను. వైరింగ్ అన్న నా మాట తొందరపాటు మాట అని కూడా రాశాను. అది రాయడానికే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. జీతం కోత ఆగింది. ఆ శుక్రవారం అతను చేసిన నాలుగు గంటల ఓవర్‌టైం మాత్రం ఎందుకో లెక్కలోకి ఎక్కలేదట. దాని గురించి ఇంకో మెయిల్ రాస్తే "అది మీకు సంబంధించిన విషయం కాదు" అని మర్యాదగా జవాబొచ్చింది.

ఆ తర్వాత ఈ చిప్పుల చరిత్ర మొత్తం కూర్చుని చదివాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే. ఆ అబ్బాయి చదివాడో లేదో తెలియదు కానీ, అతని సంచిలో ఒక నల్ల మార్కర్ వచ్చి చేరింది. ఏ డబ్బా తెరిచినా ‘ఏ’, ‘బీ’ల పక్కన ప్లస్సు, మైనస్సు రాసి గానీ తీగ పెట్టడట.

మొన్న రంజాన్ ముందు సోహార్ నుంచి ఫోన్ చేశాడు. కొత్త సైటు. వెనక జనరేటర్ల హోరు.

"అన్నా, ఈడ ‘ఏ’ లేదు, ‘బీ’ లేదు. డీ సున్న, డీ ఒకటి అని ఉన్నది. ఏది ప్లస్సు?"

"డీ ఒకటి ప్లస్సు. అయినా..."

"మీటర్ పెట్టి చూస్త తియ్యన్నా. ముందుగాల నీకు తెలుసో లేదో అని అడిగిన" అని పెట్టేశాడు.